చుక్కల నడుమ మసికి లెక్క కట్టేదెట్ల?

దేవరకొండ వైపు ఊర్లల్ల పాలపుంత నడిమధ్యన నల్లటి చీలిక కనబడతది, అక్కడ చుక్కలు లేవా, కార్బన్ ధూళి అడ్డమొస్తదన్నది నిజమేనా అని ఒక తమ్ముడు అడిగిండు.

చుక్కలున్నయ్ తమ్మీ, వాటి ముందట దుమ్మున్నది. అక్టోబర్‌ల అమావాస్య దగ్గర, రాత్రి ఏడున్నరకు శ్రవణం చుక్కను పట్టుకో. దాని పక్కనే నారింజ రంగుల టారజెడ్ ఉంటది. 10×50 బైనాక్యులర్‌ను దానిమీద పెట్టి కొద్దిగా పడమరకు జరిపితే ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం లెక్క నల్లటి మచ్చ కనబడాలె. బర్నార్డ్ 142, 143 అనే దుమ్ము మేఘాలంటే అవే. ఊర్ల వీధి లైటు కింద నిలబడి ‘ఏం కనబడ్తలేదు’ అంటే నేనేం జెయ్యలేను. ఈ తెల్ల ఎల్‌ఈడీలు వచ్చినంక పొలం గట్టు మీద కూడా చీకటి మిగుల్తలేదు.

చుక్కల మధ్య ఉన్న పదార్థంల బరువు ప్రకారం దుమ్ము నూటికి ఒక వంతే, మిగిలిందంతా గ్యాసు. రేణువులు ఎక్కువ శాతం పావు మైక్రాన్ కంటే చిన్నయి. రెండు రకాలు ముఖ్యం: సిలికేట్, కార్బన్. ఏది పుడతదన్నది ముసలి నక్షత్రంల కార్బన్, ఆక్సిజన్ల పంపకం తేలుస్తది. రెండూ ముందు జత కట్టి కార్బన్ మోనాక్సైడ్ అయితయ్. ఆక్సిజన్ మిగిల్తే సిలికేట్, కార్బన్ మిగిల్తే మసి. కట్టెల పొయ్యి మీది గిన్నెకు పట్టేదానికి ఇది దగ్గరి చుట్టమే.

ఈ మసి పని కండ్ల ముందు చూడాలంటే ఆర్ కరోనా బోరియాలిస్ అనే చుక్క చాలు. 1795ల ఎడ్వర్డ్ పిగాట్ దీని మార్పు గుర్తించిండు. మామూలుగా 6 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగితే చుక్క మసక), బైనాక్యులర్‌కు సులువుగా దొరుకుతది. 2007 జులైల దిగుడు మొదలైంది, కొన్ని వారాల్లనే పడిపోయింది, 14 కూడా దాటింది. 8 మాగ్నిట్యూడ్లంటే వెలుగు 1,600వ వంతుకు పడ్డట్టు. మళ్ల మామూలు స్థితికి రానీకి ఏండ్లు పట్టింది. చుక్క ఆరిపోలేదు. అది విసిరిన కార్బన్ గ్యాసు మన చూపుకు అడ్డంగా మసిగా గట్టిపడ్డది. వేడెక్కిన ఆ మసే కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్‌ల వెలుగుతనే ఉన్నది.

చుక్కల నడుమ అంత చిక్కగా ఉండదు. సూర్యుని చుట్టుపక్కల పాలపుంత తలంల వెయ్యి పార్సెక్కులకు (ఒక పార్సెక్ అంటే సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) సగటున వెలుగు 1.8 మాగ్నిట్యూడ్లు తగ్గుతది. గెలాక్సీ కేంద్రం దాకా పోతే 30. అంటే లక్ష కోట్ల ఫోటాన్లల్ల ఒక్కటి మన కంటికొస్తది. అందుకే అక్కడి చుక్కలను ఇన్‌ఫ్రారెడ్‌ల చూస్తరు.

ఇందుల కార్బన్ చేయి ఉన్నదని ఎట్ల చెప్తరంటే, అతినీలలోహిత కాంతిల 217.5 నానోమీటర్ల దగ్గర దుమ్ము వెలుగును మింగుడు ఒక్కసారి పెరుగుతది. గ్రాఫైట్ లాంటి చిన్న రేణువులో, బెంజీన్ వలయాల పెద్ద అణువులో ఆ పని చేస్తున్నయని ఎక్కువమంది ఒప్పుకుంటరు. ఆ వెలుగును ఓజోన్ కిందికి రానియ్యదు గనుక జపాల్-రంగాపూర్‌ల ఉన్న 48 అంగుళాల టెలిస్కోపుతోని కూడా కొలవలేం. 1965ల స్టెచర్ అనే శాస్త్రవేత్త రాకెట్ కొలతలతోనే ఇది బయటపడ్డది. 2023ల జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు ఇదే గుర్తును విశ్వం పుట్టి వంద కోట్ల ఏండ్లు గూడ నిండని కాలం నాటి గెలాక్సీల పట్టింది.

ఇగ లెక్క. బీ (నీలం), వీ (పసుపు-ఆకుపచ్చ) ఫిల్టర్లతోని చుక్కను కొలువు. ఏ0 తరగతి (తెల్లటి వేడి) చుక్కకు అసలు బీ, వీ తేడా దాదాపు సున్నా. నీకు 0.5 వచ్చిందనుకో, ఆ 0.5 దుమ్ము వల్ల ఎర్రబారినది. దాన్ని 3.1తోని గుణిస్తే దుమ్ము తగ్గించిన వెలుగు 1.55 మాగ్నిట్యూడ్లు. ఇది తీసెయ్యకుంటే 1,000 పార్సెక్కుల చుక్క 2,000 పార్సెక్కుల దూరంల ఉన్నట్టు లెక్కొస్తది. ఖగోళ శాస్త్రవేత్త ట్రంప్లర్ 1930ల తారా గుచ్ఛాల మీద పట్టింది ఈ రకం తప్పునే. దుమ్మును లెక్కలకు తియ్యకపోతే దూరపు గుచ్ఛాలు అసలు కంటే పెద్దగ తేలినయ్. చాలామంది ఈ ఎర్రబారుడును రెడ్‌షిఫ్ట్‌తోని కలిపేస్తరు, అది వేరే ముచ్చట. రెడ్‌షిఫ్ట్‌ల స్పెక్ట్రమ్ గీతలు జరుగుతయ్, ఇక్కడ జరగవు.

తప్పు ఎక్కడ పోతదంటే, మొదలు మన గాలి. ఆకాశం అంచు నుంచి 30 డిగ్రీల కంటే కింద ఉన్న చుక్కను గాలే ఎర్రజేస్తది. అందుకే పోల్చే చుక్కలు గూడ అదే ఎత్తుల ఉండాలె. వరి కోసినంక కొయ్యలు కాలబెట్టే రాత్రుల కొలతలు పక్కన పెట్టు. రెండోది, 3.1 సగటు మాత్రమే. చిక్కటి మేఘాలల్ల రేణువులు పెద్దగై అది 5 దాటుతది, అప్పుడు పైన చెప్పిన 1.55 కాస్త 2.5 అయితది. ఓఫియూకస్ లాంటి మేఘాల వెనుక చుక్కలను కొలిచెటప్పుడు ఒక్క రంగు తేడా మీద ఆధారపడకు, ఇన్‌ఫ్రారెడ్ కొలతలు గూడ కలుపు.