బాబు దగ్గర మీరు చుట్టం కాదమ్మా

రాజోలు దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి రాశారు. 26 వారాలకే పుట్టిన బాబుకి ఇప్పుడు అయిదు నెలలు. ఊపిరితిత్తులు బలపడక ఆక్సిజన్ మీదే రాజమండ్రిలో ఓ ఆస్పత్రి ఐసీయూలో ఉన్నాడు. రోజుకి రెండుసార్లే లోపలికి పంపిస్తారు. భర్త రొయ్యల చెరువులు వదిలి రాలేరు, నాలుగేళ్ల పాప అమ్మమ్మ దగ్గర ఉంది. "సిస్టర్‌ని చూసి నవ్వుతున్నాడండీ, నన్ను చూసి నవ్వట్లేదు, వాడికి నేను ఎవర్ని?" అని అడిగారు.

అమ్మా, ముందు ఆ నవ్వు సంగతి చూద్దాం. బాబు 14 వారాలు ముందే పుట్టాడు కదా, అవి తీసేసి లెక్కేస్తే ఇంకా రెండు నెలలు నిండలేదు. పిల్లలు ముఖం చూసి నవ్వడం మొదలుపెట్టేది సరిగ్గా ఇప్పుడే. అంటే ఇన్ని కష్టాలు పడ్డ పిల్లాడికి నవ్వు వేళకే వచ్చింది! ఎక్కువసేపు కనబడే ముఖాన్ని చూసి నవ్వాడు, అంతే. మీ ముఖం కూడా అంతసేపు కనబడితే చాలు.

మొదట్లో బాబుని ముట్టుకోవద్దన్నారని రాశారు. అది సబబే, అప్పుడు చర్మం పల్చన, కాస్త కదిపినా రక్తంలో ఆక్సిజన్ పడిపోవచ్చు. ఇప్పుడు వాడు ఆ పిల్లాడు కాదు. కానీ నియమం మారిందని మీకెవరూ చెప్పలేదు, మీరూ అడగలేదు. అడగండి. నెలలు నిండని పిల్లల్ని రోజుకి 8 నుంచి 24 గంటలు గుండెలకి హత్తుకుని ఉంచమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది, అలాంటప్పుడు రెండుసార్లు తొంగిచూసి వెళ్లడం ఏం సరిపోతుంది? ఆక్సిజన్ గొట్టం ఉండగానే ఒళ్లో ఎంతసేపు పెట్టుకోవచ్చో డాక్టర్ గారినే అడగండి. స్నానం, డైపర్ మార్చడం మీకే వదలమనండి. వీలైనంతవరకు రోజూ అదే ఇద్దరు ముగ్గురు సిస్టర్లే చూసేలా డ్యూటీ వేయమనండి, రాత్రిళ్లు వాడి మంచం దగ్గర లైటు తగ్గించమనండి. నెలల తరబడి పగలూ రాత్రీ ఒకే వెలుగు, ఒకే బీప్ శబ్దం అయితే పసివాడికి నిద్ర ఎలా కుదురుతుంది?

ఇంకో మాట. గొట్టాలు, కఫం లాగేసే సక్షన్ వల్ల ఇలాంటి పిల్లల్లో కొందరు నోటి దగ్గరికి ఏదొచ్చినా భయపడిపోతారు, తర్వాత పాలు తాగడానికీ ఇబ్బంది పడతారు. అందుకే వాడి బుగ్గ మీద, పెదవి మీద మెల్లగా నిమరండి, డాక్టర్ సరేనంటే మీ పాలచుక్క నాకించండి. నోటి దగ్గర వాడికి మంచిది కూడా జరగాలి.

వారానికి రెండు రోజులు రావులపాలెం మీదుగా బస్సెక్కి పాప దగ్గరికి వెళ్లి రండి, తప్పుగా అనుకోకండి, ఆమెకీ తల్లి మీరే. ఆ రోజుల్లో సిస్టర్ చేత మీ గొంతు ఫోన్‌లో వినిపించండి, చిన్నగా. రోజూ ఏడుపే వస్తోందని రాశారు, నిద్ర కూడా లేదన్నారు. అది ఓర్చుకోవాల్సింది కాదు, 14416కి ఫోన్ చేయండి, అది మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ హెల్ప్‌లైన్, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

బాబు ఇంటికొచ్చాకే పేరు పెడదామని మీ అత్తగారు అన్నారట. బారసాల అప్పుడే చేసుకోండి. ముద్దుపేరు మాత్రం ఈరోజే పెట్టి పిలవండి, మంచానికి 'బేబీ ఆఫ్' అని మీ పేరుతో ఉన్న చీటీ పక్కనే ఆ పేరు కూడా రాసి అంటించమనండి.