ఎదురుగాలి ఎక్కడ పోయింది?

చిరంజీవికి ఆశీస్సులు.

విశాఖపట్నం నుంచి పూరీ వరకు ఒంటరిగా సైకిల్ మీద చేసిన యాత్రలో మొదటి రోజు గురించి నువ్వు పంపిన పన్నెండు పేజీలూ చదివాను. భాష శుభ్రంగా ఉంది. ఆ మాట చెప్పేశాను కనుక ఇక నాకు కోపం తెప్పించిన వాక్యం దగ్గరకు వస్తాను. ఆనందపురం దాటాక 'గాలి నా జుట్టుతో ఆడుకుంటుంటే దూదిపింజలా తేలిపోయాను' అని రాశావు. బయలుదేరింది డిసెంబరు మొదటి వారంలోనని నువ్వే చెప్పావు. ఆ రోజుల్లో మన తీరంలో ఎక్కువగా ఈశాన్యపు గాలి వీస్తుంది. ఆనందపురం నుంచి శ్రీకాకుళం వైపు 16వ నంబరు జాతీయ రహదారి సాగేదీ ఈశాన్యానికే. అంటే శ్రీకాకుళం ముందరి ఎచ్చెర్ల దాకా గాలి నీకు ఎదురు కొట్టి ఉండాలి. పైగా తలకు హెల్మెట్ పెట్టుకున్నానని రెండో పేజీలో ఉంది. ఆ గాలి జుట్టు దాకా ఎలా చేరిందో నాకు బోధపడలేదు.

సైకిల్ యాత్ర రాసేవాడు మొదటి రోజున తన మనసు గురించి ఒక్క వాక్యం కూడా రాయకూడదని నా నమ్మకం. ఒంటి గురించి, బండి గురించి, దారి గురించి రాస్తే చాలు. ఇది చాదస్తమని నా మిత్రులంటారు, అననీ. మొదటి రోజు బుర్రలో తిరిగే ఆలోచనలన్నీ ఇంటి దగ్గర మూటగట్టుకుని వచ్చినవే. స్వేచ్ఛ, ఏకాంతం, తనను తాను వెతుక్కోవడం అంటూ నువ్వు నింపిన మొదటి మూడు పేజీలూ విశాఖలోనే ఉన్న హనుమంతవాక జంక్షన్ దాటకముందే, ఆ మాటకొస్తే సైకిల్ కొనకముందే రాయగలిగినవి. ఒళ్ళు మాత్రం ఆ రోజు ఆ దారిలో జరిగినదాన్నే చెబుతుంది.

ఎదురుగాలి సంగతి నీ కాళ్ళకు తెలుసు, నీ కలమే దాచింది. గాలి మోపే ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నువ్వు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కుతుండగా ఎదురుగా మరో 15 కిలోమీటర్ల వేగంతో గాలి వస్తే, గాలి లేని రోజుకంటే నీ మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. క్యారియర్‌కు రెండు పక్కలా వేలాడదీసిన సంచులు దానికి ఇంకా అడ్డం. అందుకే కదా, మధ్యాహ్నానికల్లా శ్రీకాకుళం చేరతానని లెక్క వేసుకున్నవాడివి పొద్దుగూకాక చేరావు! ఆ ఆలస్యానికి నువ్వు చూపిన కారణం 'ప్రకృతిని ఆస్వాదిస్తూ' అన్న రెండు మాటలు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల దగ్గర ఏ ప్రకృతిని ఆస్వాదించావు బాబూ? బస్సులో పోయేవాళ్ళకే తగిలే ఆ ఘాటు, ఆయాసపడుతూ తొక్కేవాడి ముక్కుకు తగలలేదా?

ఇదే సీమలోంచి, నీకు ఎదురు దిక్కులో, 1831లో 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు వచ్చారు. 1830 మే 18న చెన్నపట్టణంలో బయలుదేరి, కాశీ, గయ చూసుకుని, పూరీ మీదుగా శ్రీకాకుళం, విశాఖపట్నం దాటి తిరిగి ఇల్లు చేరారు. కాశీకి పోతున్న మనిషి మొదటి రోజున మోక్షం గురించి మాట్లాడినా ఎవరూ తప్పు పట్టరు. ఆయన మాత్రం ఏ ఊరు విడిచి ఏ ఊరు చేరారో, దారి ఎలా ఉందో, నీళ్ళకూ అంగళ్ళకూ వసతి ఉందో లేదో రాసుకుంటూ పోయారు. తత్త్వవిచారం లేకపోలేదు, అది తరువాత వస్తుంది.

నా పట్టుదలకు మరో కారణం కూడా ఉంది. కుర్రతనంలో గేర్లు లేని సైకిల్ మీద శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్ళాను. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది, దారి అంతకంటే పైకెక్కి మళ్ళీ దిగుతుంది. ఆ ఎక్కుడులో చాలా భాగం సైకిల్ దిగి నెట్టుకుంటూ నడిచినదే. ఎడమ పక్క నడుస్తూ నెడితే ఎడమ పెడల్ అస్తమానూ కుడి కాలికి తగులుతుంది. సాయంత్రానికి మోకాలి కింద చర్మం లేచిపోయింది. దాని గురించి రెండు పేజీలు రాస్తే, అప్పట్లో పేరున్న ఒక వారపత్రిక సంపాదకుడు వాటిని కొట్టేసి, నడక ఎవరికి కావాలి, జలపాతాల గురించి రాయండని కార్డు ముక్క పంపాడు. అచ్చులో నేను కొండ కింద మాయమై పైన కాఫీ తోటల్లో ప్రత్యక్షమయ్యాను. బస్సులో వెళ్ళాననుకున్నారు చదివినవాళ్ళు. అతగాడి వారసులకు ఇప్పుడు జలపాతం కూడా అక్కర్లేదు, దాని ముందు నిలబడిన మన ఫొటో, లాడ్జి అద్దె ఉంటే చాలు.

ఇంత విసుగులోనూ నీకు జవాబు రాయడానికి కారణం పదకొండో పేజీ అడుగున ఉంది. శ్రీకాకుళం లాడ్జిలో రిజిస్టరు మీద సంతకం పెట్టబోతే కలం జారిపోయిందనీ, చిటికెన వేలికీ ఉంగరం వేలికీ స్పర్శ లేదనీ, ఆ వంకర గీత చూసి గుమాస్తా నువ్వు తాగి వచ్చావేమోనని అనుమానపడ్డాడనీ రాశావు. ఆ రెండు వేళ్ళనూ పేరు పెట్టి చెప్పినవాడు నిజంగా తొక్కినవాడు. రోజంతా ఒంటి బరువు హ్యాండిల్ మీద మోపితే అరచేతిలో చిటికెన వేలి వైపు పోయే నరం నలుగుతుంది, తిమ్మిరెక్కేవి ఆ వేళ్ళే. ఎదురుగాలికి వంగి తొక్కేవాడి చేతుల మీద ఆ బరువు మరింత పడుతుంది. ఆనందపురం దగ్గర నువ్వు దాచిన గాలి శ్రీకాకుళంలో సంతకం దగ్గర బయటపడింది! దాన్ని నాలుగు పంక్తుల్లో సరిపెట్టి, తరువాత సగం పేజీ నక్షత్రాలకు ధారపోశావు. ఆ సగం పేజీ తీసెయ్యి, గుమాస్తాను ఇంకాసేపు మాట్లాడనివ్వు.

తగరపువలస వంతెన కింద గోస్తనిలో నీళ్ళున్నాయా? రణస్థలం టీ కొట్టు దగ్గర గేదెల వ్యాపారి ఒకాయన నీ సైకిల్ వెనక చక్రం ఎత్తి చూసి బరువు అంచనా కట్టాడన్నావు. ఎంత చెప్పాడు? అతని అంచనా తప్పినా సరే, ఆ అంకె నాకు కావాలి.

సైకిల్ ఖరీదు రాయమంటారా అని అడిగావు. రాయి. ప్రచురణకర్తల గురించి అడిగినదానికి నా దగ్గర మర్యాదైన జవాబు లేదు. నరసన్నపేట, టెక్కలి దాటి పలాస చేరిన రెండో రోజు భాగాన్ని కూడా జత చేశావు కానీ దాన్ని నేను తెరవలేదు. మొదటి రోజు తిరగరాసి పంపితే అప్పుడు చదువుతాను. ఈసారి కాగితాలకు అంచు వదిలి పంపు, ఎర్ర సిరాకు చోటు చాలలేదు.