1932లో అమెరికా మాజీ సైనికులు వాషింగ్టన్‌లో ఎందుకు మకాం వేశారు?

బోనస్ డబ్బు కోసం. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసినవాళ్లకు రోజుకో డాలరు, విదేశాల్లో అయితే డాలరుంపావు చొప్పున ఇస్తామని 1924లో చట్టం చేశారు. కానీ చాలామంది చేతిలో పెట్టింది ఒక సర్టిఫికెట్, సొమ్ము 1945లోనట! ఈలోగా మాంద్యం వచ్చి ఉద్యోగాలు ఊడాయి. వేలమంది పెళ్లాంబిడ్డలతో వచ్చి అనకోస్టియా నది ఒడ్డున పాత చెక్కలు, రేకులతో గుడిసెలు వేసుకున్నారు. క్యాంపులో మందు, అడుక్కోవడం నిషేధం. సైన్యంలో విడివిడిగా ఉంచిన నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఇక్కడ కలిసే ఉన్నారు (నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే). ఆ డబ్బు వెంటనే ఇవ్వాలన్న బిల్లు దిగువ సభలో నెగ్గినా సెనేట్‌లో వీగిపోయింది.

జూలై 28న పోలీసు కాల్పులకు ఇద్దరు మాజీ సైనికులు బలయ్యారు. ఆ సాయంత్రమే సైన్యాధిపతి మెకార్థర్ ట్యాంకులు, బాష్పవాయువుతో వాళ్లను తరిమేశాడు, గుడిసెలు తగలబడ్డాయి. చివరికి 1936లో, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వీటోను కూడా తోసిపుచ్చి, కాంగ్రెస్ డబ్బు ఇప్పించింది.