ఆడవాళ్లు నిజంగానే మగవాళ్లకంటే ఎక్కువ మాట్లాడతారా?

కాలేజీ వయసులో అయితే తేడా లేనట్టే. అమెరికా, మెక్సికోల్లో 396 మంది విద్యార్థులకు చిన్న రికార్డర్లు తగిలించి లెక్కవేసిన అధ్యయనం 2007లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. రోజుకు అమ్మాయిలు సగటున 16,215 మాటలు మాట్లాడితే అబ్బాయిలు 15,669. అందరికంటే ఎక్కువగా దాదాపు 47,000 మాట్లాడింది ఓ అబ్బాయే, అతి తక్కువ మాట్లాడిందీ అబ్బాయే! తర్వాతి పెద్ద అధ్యయనంలో 25–64 ఏళ్లవాళ్లలో మాత్రం ఆడవాళ్లవి కాస్త ఎక్కువ తేలాయి.

నన్ను బాధపెట్టేది ఈ లెక్క కాదు, ఎవరి మాట చివరిదాకా వింటున్నామన్నది. అపార్ట్‌మెంట్ మీటింగుల్లో గమనించండి. నీళ్ల ట్యాంకర్ల ఖర్చెంతయిందని అడగడానికి ఒకావిడ లేస్తుంది. ప్రశ్న పూర్తికాకముందే ‘మీవారిని పంపండమ్మా, ఆయనతో మాట్లాడతాం’ అంటారు. ఆవిడ కూర్చుంటుంది. తర్వాత అదే ప్రశ్న ఓ మగాయన అడిగితే లెక్కల పుస్తకం బయటికొస్తుంది.