పవర్ పెంచడానికి ఏ చైన్‌సా మీద చెయ్యి వెయ్యొచ్చు?

ప్రశ్న: సర్, నా దగ్గర రెండు చైన్‌సాలున్నాయి. ఒకటి స్టిల్ ఎంఎస్ 250, రెండోది హస్క్‌వర్నా 365 ఎక్స్-టార్క్. రెండూ బాగానే నడుస్తున్నాయి కానీ చేవ దేరిన లావు దుంగలు కోసేటప్పుడు ఇంకాస్త పవర్ ఉంటే బాగుండుననిపిస్తోంది. సైలెన్సర్ తెరిపించడం, పోర్టింగ్ (సిలిండర్‌లో మిశ్రమం, పొగ పోయే రంధ్రాలను గీకించి మార్చడం) లాంటివి చేయిద్దామనుకుంటున్నాను. ఒక్కదానికే ఖర్చు పెట్టగలను. దేనికి పెట్టమంటారు? లేదా రెండూ అమ్మేసి వేరేది కొని దాన్ని మార్పించుకోమంటారా?

జవాబు: 365కి పెట్టండి, మారు ఆలోచన వద్దు. ఎందుకో కాస్త వివరంగానే చెప్తాను. ఈ లెక్క ఒకసారి పట్టుబడితే రేపు చేతికి ఏ మోడల్ వచ్చినా నాకు ఉత్తరం రాసే పని ఉండదు.

ముందు కంపెనీ కాగితం మీద ఇచ్చిన పవర్‌ని సీసీతో భాగించండి. మీ ఎంఎస్ 250 ఇంజన్ 45.4 సీసీ, పవర్ 2.3 కిలోవాట్లు, అంటే సీసీకి దగ్గర దగ్గర 51 వాట్లు. 365 ఎక్స్-టార్క్ 70.7 సీసీ, 3.6 కిలోవాట్లు, అదీ 51 వాట్లే. ఇప్పుడు రోజంతా అడవిలో పనిచేసేవాళ్ళ కోసం చేసిన రంపాలు చూడండి. ఎంఎస్ 261 అయితే 50.2 సీసీకి 3 కిలోవాట్లు ఇస్తుంది, ఎంఎస్ 462 అయితే 72.2 సీసీకి 4.4. రెండిట్లోనూ సీసీకి 60 వాట్లే, కాస్త అటూ ఇటూగా. అంటే ఈ కాలపు ఇంజన్ ఫ్యాక్టరీ నుంచే 60 దాకా ఇవ్వగలదు, మీ రెండు రంపాల్లోనూ సీసీకి 9 వాట్ల చొప్పున ఎక్కడో ఆగిపోయింది.

అలాగైతే రెండూ సమానమే కదా అంటారు. కాదు. ఎంత ఆగిందన్నది సగం లెక్కే, ఎందుకు ఆగిందన్నది మిగతా సగం.

365 సంగతి చూడండి. దీనికి 372 ఎక్స్‌పీ అని ఒక అన్న ఉన్నాడు. ఎక్స్-టార్క్ రకంలో అతనిదీ 70.7 సీసీయే, అదే 50 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), అదే 36 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), కానీ పవర్ 4.1 కిలోవాట్లు. ఇల్లు ఒకటే, తమ్ముడి వాటాలో ఒక గదికి తాళం వేసి ఉంచారంతే. ఆ తాళం ఎక్కడుందంటే, సిలిండర్‌కి రెండు పక్కలా స్క్రూలతో బిగించిన ట్రాన్స్‌ఫర్ మూతలుంటాయి, వాటిని విప్పి లోపలి వైపు తిప్పి చూస్తే కింది నుంచి గాలి, పెట్రోల్ మిశ్రమం పైకెళ్ళే దారిలో పంటకాలువకి అడ్డుకట్ట వేసినట్టు మెటల్ పోసి ఉంటుంది. చాలామంది ఆ అడ్డునే గ్రైండర్‌తో అరగదీస్తారు, లేదా 372 మూతలు తెచ్చి వేస్తారు. క్రాంకు, బేరింగులు, క్రాంక్‌కేసు అన్నీ ఇంత బలాన్నీ తట్టుకునేలా కట్టినవే కాబట్టి మీరు కొత్తగా మోపే భారమేమీ లేదు, ఆపి ఉంచినదాన్ని వదులుతున్నారంతే.

ఎంఎస్ 250 అలా కాదు. దాన్ని మెకానిక్కులు క్లామ్‌షెల్ అంటారు, ఆల్చిప్పలా రెండు ముక్కలు. పైన సిలిండర్, కింద చిన్న తొట్టి, మధ్యలో క్రాంకు బేరింగులు, రెంటినీ కలిపి సీలెంట్ రాసి బిగించేస్తారు. సిలిండర్ కింద తీసెయ్యడానికి విడిగా ప్యాకింగ్ ఉండదు, బయటి ఒళ్ళంతా ప్లాస్టిక్. విప్పిన ప్రతిసారీ పాత సీలెంట్ గీకి, కొత్తది రాసి, ఆరేదాకా ఆగాలి, ఎక్కడైనా వెంట్రుకవాసి గాలి పీల్చిందా ఇంజన్ సీజ్. పోనీ అన్నీ సవ్యంగా జరిగి సీసీకి 60 వాట్లు వచ్చాయే అనుకుందాం, ఎంఎస్ 250లో మీకు దక్కేది 0.4 కిలోవాట్లు. అదే పెరుగుదల 365లో అయితే 0.6 పైన. కూలి ఒకటే, పంటలో తేడా చూడండి.

అమ్మేసి మూడోది కొనే విషయం. మార్పులకి మంచి పేరున్న ఇంకో కుటుంబం డోల్మార్ పీఎస్-6400, 7300, 7900. మూడింటికీ స్ట్రోకు 37 మిల్లీమీటర్లే, బోరు మాత్రం 47, 50, 52. అందుకే 64 సీసీ రంపం మీద పెద్దన్న సిలిండర్, పిస్టన్ పెట్టేస్తే బరువు పెద్దగా పెరగకుండా 78 సీసీ దాటిపోతుంది, గీకుడూ గోకుడూ లేకుండా. నాకైతే ఇంతకంటే నిజాయితీగల మార్పు ఇంకోటి లేదనిపిస్తుంది. అయితే మాతృసంస్థ మకిటా 2022లో పెట్రోల్ ఇంజన్ల తయారీ ఆపేసింది, కాబట్టి విడిభాగాల సంగతి తేల్చుకోకుండా దిగకండి. చేతిలో 365 ఉన్నవాళ్ళు దీనికోసం వెతుక్కుంటూ వెళ్ళక్కర్లేదు.

ఇక ఏది ముందు, ఏది తర్వాత. మీకు కోపం రావచ్చు గానీ మొదట చైన్. ఆకురాయితో ప్రతి పన్నూ ఒకే కోణంలో, ఒకే పొడుగులో పదును పెట్టి, డెప్త్ గేజు (పన్ను ఎంత లోతుగా కొరకాలో నిర్ణయించే ముందరి బుడిపె) సరిచూసుకుని ఆ చేవ దుంగనే మళ్ళీ కోసి చూడండి. పొట్టు పిండిలా కాకుండా చిన్న చిన్న పెచ్చులుగా రాలాలి. పిండి రాలుతుంటే మీకు కావలసింది పవర్ కాదు.

చైన్ బాగుండి కూడా చాలకపోతే అప్పుడు సైలెన్సర్. దాన్ని ఇంజన్ మీద నుంచి పూర్తిగా విప్పి పక్కన పెట్టుకుని చిల్లు వేయండి, ఇనప రజను ఒక్క పలుకు సిలిండర్లో పడినా పిస్టన్‌ని గీసేస్తుంది. బయటికి పోయే దారి మొత్తం కలిపి ఎగ్జాస్ట్ పోర్టు (సిలిండర్ నుంచి పొగ బయటికొచ్చే రంధ్రం) వైశాల్యంలో ముప్పాతిక వంతు ఉంటే చాలు, అంతకంటే పెంచితే చప్పుడు పెరుగుతుందే గానీ కోత పెరగదు. నిప్పురవ్వలాపే జాలీని ఎట్టి పరిస్థితుల్లోనూ తీసెయ్యొద్దు, ఎండుటాకుల మధ్య పనిచేస్తారు మీరు. పొగ మీ చేతివైపు గానీ, ప్లాస్టిక్ వైపు గానీ కొట్టకూడదు. ఇంకోమాట, అమెరికా లాంటి చోట్ల ఉద్గారాల నిబంధనల కింద అమ్మిన ఇంజన్‌ని ఇలా మార్చడం చట్టవిరుద్ధం, మీరున్న చోట రూలేమిటో చూసుకోండి. వారంటీ మీద ఆశ ఎలాగూ వదులుకోవాల్సిందే.

సైలెన్సర్ తెరిచాక కార్బొరేటర్ ముట్టుకోకుండా పనిలోకి దిగడం అనే ఘనకార్యం నేనే చేశాను. మొదటి ట్యాంకు అయ్యేదాకా పికప్ అదిరిపోయింది, నా అంత మెకానిక్ లేడనుకున్నాను. రెండో ట్యాంకు సగంలో ఉండగా కీచుమని ఒక్క అరుపు, అంతే. తాడు లాగితే రాదు. సైలెన్సర్ ఊడదీసి ఎగ్జాస్ట్ రంధ్రంలో టార్చి వేస్తే పిస్టన్ మీద పైనుంచి కిందికి నిలువు గీతలు, రింగు దాని గాడిలోనే అతుక్కుపోయి ఉంది. జరిగిందేమిటంటే పొగ సులువుగా పోతున్నకొద్దీ ఇంజన్ గాలి ఎక్కువ లాగుతుంది, పెట్రోల్ మాత్రం పాత కొలతే. టూ స్ట్రోక్‌లో ఆయిల్ వచ్చేది పెట్రోల్‌తోనే కదా, గాలికి తగ్గ పెట్రోల్ అందకపోతే ఇంజన్ కాగిపోతుంది, కాగిన ఇంజన్‌కి ఆయిల్ కూడా అరకొరే.

కాబట్టి కార్బొరేటర్ మీద ఫుల్ రేస్‌లో వెళ్ళే పెట్రోల్‌ని సరిచేసే హెచ్ స్క్రూని కొద్దికొద్దిగా బయటికి తిప్పుతూ చెవి పెట్టి వినండి. ఉత్తగాలిలో ఫుల్ రేస్ ఇచ్చినప్పుడు శబ్దం కాస్త గరగరలాడాలి, బార్ (చైన్ తిరిగే పొడుగాటి పట్టీ) కట్టెలో దిగగానే ఆ గరగర పోయి ఒకటే ధారగా రావాలి. గాలిలోనే నున్నగా కూస్తోందంటే పెట్రోల్ చాలడం లేదన్నమాట. టాకోమీటర్ ఉంటే మరీ మంచిది, మాన్యువల్‌లో ఇచ్చిన గరిష్ఠ ఆర్పీఎం దాటనివ్వకండి.

సిలిండర్ దించే పని దీని తర్వాతే. ప్లగ్ తీసి ఆ రంధ్రంలోంచి టంకం తీగ సిలిండర్ గోడకి తగిలేదాకా దూర్చి, తాడుతో ఇంజన్‌ని ఒక్క చుట్టు మెల్లగా తిప్పితే పిస్టన్ ఆ తీగ చివరని నొక్కుతుంది. బయటికి లాగి నలిగిన చోట వెర్నియర్‌తో కొలవండి, పిస్టన్‌కీ సిలిండర్ తలకీ మధ్య సందు అదే. 1 మిల్లీమీటర్ వచ్చి, కింద ప్యాకింగ్ మందం 0.5 ఉందనుకోండి, ప్యాకింగ్ తీసేసి సీలెంట్‌తో బిగిస్తే కంప్రెషన్ పెరుగుతుంది. 0.5 కంటే తగ్గనివ్వకూడదు, వేడెక్కి సాగినప్పుడు పిస్టన్ వెళ్ళి తలకి కొట్టుకుంటుంది. పోర్టులు గీకించడం మాత్రం డిగ్రీ వీల్ (క్రాంకు తిరిగిన కోణం చూపే చక్రం) పెట్టి కొలిచే మనిషి దొరికితేనే. ఆ మనిషితో ముందే చెప్పండి, ఎగ్జాస్ట్ పోర్టు పైకి లేపొద్దని. లేపితే ఆర్పీఎం పెరుగుతుంది కానీ లాగుడు పోతుంది, చేవలో మీకు కావలసింది లాగుడే.

ప్రశ్న: నాది చిన్నది, స్టిల్ ఎంఎస్ 180. సైలెన్సర్‌కి రెండు చిల్లులు పెడితే రంపం రెచ్చిపోతుందని తెలిసినవాళ్ళు అంటున్నారు. పెట్టెయ్యనా?

జవాబు: ముందు మీ కార్బొరేటర్‌కి హెచ్ అనే స్క్రూ ఉందో లేదో చూడండి. ఈ మోడల్ రంపాల్లో చాలావాటికి అది ఉండదు, ఫుల్ రేస్‌లో వెళ్ళే పెట్రోల్ కొలత ఫ్యాక్టరీలోనే ఖాయం చేసేస్తారు. చిల్లులు పెట్టడం మీ చేతిలో ఉంది, పెట్రోల్ పెంచడం మీ చేతిలో లేదు. పైన నేను చెప్పిన కీచుమనే అరుపు మీరూ వింటారు. 31.8 సీసీ ఇంజన్ అది, కొమ్మలు కొట్టుకోవడానికీ కట్టెలు కోసుకోవడానికీ చేసింది, పైగా క్లామ్‌షెల్. ఒక సైజు పొట్టి బార్ వేయండి, చైన్ పదునుగా ఉంచండి, ఎయిర్ ఫిల్టర్ దులపండి. తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: ఎంఎస్ 500ఐ కొన్నాను. దీని పవర్ కూడా పెంచే మార్గం ఉందా?

జవాబు: ఎందుకండీ? 2019లో మార్కెట్లోకి వచ్చిన రంపం, 79.2 సీసీకి 5 కిలోవాట్లు, లెక్కేస్తే సీసీకి 63 వాట్లు. మిగతావాళ్ళు డబ్బు పోసి వెతుక్కునేది మీకు పెట్టెలోనే వచ్చింది. కార్బొరేటరే లేదు, పెట్రోల్ ఎంత కొట్టాలో సెన్సర్లు చూసుకుంటాయి, మీరు తిప్పడానికి స్క్రూ ఏదీ?

చెయ్యి ఊరుకోకపోతే స్ప్రాకెట్, అంటే చైన్‌ని తిప్పే పళ్ళ చక్రం, మార్చి చూడండి. 3/8 అంగుళాల పిచ్ చైన్‌కి 7 పళ్ళ స్ప్రాకెట్ ఉందంటే ఒక్క చుట్టుకి 133 మిల్లీమీటర్ల చైన్ కదులుతుంది, నిమిషానికి 10,000 చుట్ల దగ్గర అది సెకనుకి 22 మీటర్లు. 8 పళ్ళది వేస్తే 25 దాటుతుంది. సన్నకర్రలో వెన్న కోసినట్టు పోతుంది, బార్ మొత్తం దిగే లావు దుంగలో మాత్రం లాగలేక మొరాయిస్తుంది, బార్ కొస తగిలి ఎదురుతన్నితే ఆ తన్ను కూడా ఇంకాస్త గట్టిగానే ఉంటుంది. ఉన్న చైన్ పొడుగు చాలకపోవచ్చు కూడా. టెన్షన్ స్క్రూ వెనక్కి పూర్తిగా తిప్పినా చైన్ బార్ గాడిలోకి దిగనంటే లాగి ఎక్కించకండి, ఒక లింకు ఎక్కువున్న చైన్ తీసుకోండి.