వాగు ముంపు పనిని ఊరంతా కలిసి ప్లాన్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఏటా వానాకాలం వాగు నీళ్లు మీ కాలనీలోకి వస్తున్నాయనీ, పంచాయతీ, ఇంజినీర్లు, ఊరివాళ్లు కలిసి శాశ్వతంగా ఏదైనా చేయాలంటే మొదటి అడుగు ఏమిటనీ అడిగారు.

మాది ఎన్టీఆర్ జిల్లాలో మెట్ట ప్రాంతపు ఊరు. మా వాగు వెళ్లి బుడమేరులో కలుస్తుంది. ఈ పని మేం ఒకసారి చెడగొట్టాం, రెండోసారి కాస్త బాగా చేశాం. చెడగొట్టిన సంగతే ముందు చెబుతాను, మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

2019 వేసవిలో ఇంటింటికీ చందాలు వేసుకుని పొక్లెయిన్ తెచ్చాం. ఊరి పక్కన ముప్పావు కిలోమీటరు పూడిక తీయించాం, సర్కారు తుమ్మ పీకించాం. వచ్చిన మట్టినంతా మా వైపు గట్టు మీదే పోయించాం. అప్పుడు అదే తెలివైన పని అనుకున్నాం. 2020 అక్టోబరు వానలకు మా వీధిలోకి నీళ్లు రాలేదు. ఆవలి ఒడ్డున, మాకంటే కొంచెం కిందగా ఉన్న ఊరి కాలనీలో మాత్రం మంచాలు తేలాయి. తెల్లారేసరికి వాళ్ల కుర్రాళ్లు పారలు పట్టుకుని మా కొత్త గట్టు తెగ్గొట్టడానికి వచ్చారు. పోలీసులు రావాల్సి వచ్చింది. ఇప్పటికీ నాకు వాళ్లమీద కోపం లేదు. మా ఇంటి ముందు నీళ్లను వాళ్ల ఇంట్లోకి తోసింది మేమే.

కాబట్టి మొదటి మీటింగ్ మీ ఊళ్లో పెట్టకండి. మేం రెండోసారి వాగు మీద చప్టా దగ్గర కూర్చున్నాం, రెండు ఊళ్ల వాళ్లమూ. మొదటి గంట తిట్లతోనే సరిపోయింది. అది కూడా కావాల్సిందే లెండి.

అక్కడ ఒప్పుకున్న పని ఒక్కటే: నీళ్లు ఎక్కడెక్కడ ఎంత ఎత్తు వచ్చాయో గోడల మీద గుర్తు పెట్టడం. ఇది ఆడవాళ్లను అడిగి చేయండి. మగవాళ్లను అడిగితే అందరూ "నడుముదాకా" అన్నారు. గొడ్లను రోడ్డెక్కించడానికి పోయిన వాళ్లకు ఇంట్లో ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది? బియ్యం బస్తాలు అటక మీదికి ఎక్కించింది ఆడవాళ్లు. ఒక పెద్దమ్మ, "పొయ్యి గట్టు మునిగింది, దేవుడి గూటిదాకా రాలేదు, కింద రెండు వేళ్ల ఎడం ఉంది" అంది. అంతకంటే కచ్చితమైన కొలత ఏ ఆఫీసులోనూ దొరకదు.

రెండు ఊళ్లలో కలిపి 43 ఇళ్లకు ఎర్ర పెయింటుతో గీతలు పెట్టాం. తర్వాత మా తాపీమేస్త్రి తన లెవల్ ట్యూబు తెచ్చాడు. పునాదులకు వాడతారే, నీళ్లు నింపిన తెల్ల పైపు, అదే. రామాలయం మెట్టును సున్నా అనుకుని, అక్కణ్నుంచి గోడ గోడకూ లెవల్ మోసుకుంటూ పోయాం. రెండు ఆదివారాలు పట్టింది. దూరం పెరిగేకొద్దీ ట్యూబుతో అంగుళమో రెండంగుళాలో తేడా వస్తుంది, పర్వాలేదు.

చివరికి తేలింది చూసి మేస్త్రి కూడా ఆశ్చర్యపోయాడు. వాగు వెంబడి కిలోమీటరు దూరంలో, పై ఇంటి గీతకూ కింది ఇంటి గీతకూ తేడా నాలుగే నాలుగు అంగుళాలు. వాగు అడుగు మాత్రం ఆ దూరంలో నాలుగడుగులకు పైనే దిగుతుంది. పారే నీళ్లకు వాలు ఉంటుంది, నిలిచిన నీళ్లు చదునుగా ఉంటాయి. అంటే వరద మమ్మల్ని పైనుంచి వచ్చి కొట్టలేదు. కింద ఎక్కడో అడ్డం పడి వెనక్కి ఎగదన్నింది.

ఆ అడ్డం రెండు ఊళ్లూ దాటాక రోడ్డు కింద ఉంది: మూడడుగుల సిమెంటు తూములు రెండు. ఒక్కో తూము నోరు సుమారు 7 చదరపు అడుగులు, రెండూ కలిపి 14. దానికి ఎగువన వాగు 20 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు, అంటే 100 చదరపు అడుగులు. వంద వచ్చే చోట పద్నాలుగు. ఆ పద్నాలుగులోనూ సగం గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు. మేం మూడేళ్లు కొట్టుకున్నది గట్టు గురించి!

అప్పుడు ఇంజినీరుగారి దగ్గరికి పోయాం. అంతకుముందు ఎన్ని అర్జీలిచ్చినా కదలని ఫైలు, ఈ గీతల పట్టిక చూపించాక కదిలింది. ఆయన తన లెవల్ మిషన్‌తో పది ఇళ్లు సరిచూసుకున్నాడు. ఎస్టిమేట్ వేసేటప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఎంత వరదకు డిజైన్ చేస్తున్నారు? "25 ఏళ్లకోసారి వచ్చే వరద" అంటే ఒకసారి వచ్చాక 25 ఏళ్లు నిశ్చింత అని మా వాళ్లు అనుకున్నారు. అది కాదు. ఏ ఏడాదికి ఆ ఏడాది, నూటికి నాలుగు వంతుల అవకాశం. 25 ఏళ్లలో కనీసం ఒకసారి దాన్ని మించి వచ్చే అవకాశం నూటికి 64. ఇది గ్రామసభలో ముందే చెప్పండి, తర్వాత తిట్లు తగ్గుతాయి.

స్థలం గొడవ తప్పదు. సర్వేయరు చేత ఎఫ్ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) ప్రకారం వాగు పోరంబోకు కొలిపించాం. అందరి సంగతీ ఏమోగానీ మా మామిడితోటే పన్నెండడుగులు లోపలికి ఉంది. మా నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఏడు చెట్లు కొట్టించాం. మిగతావాళ్లు ఇష్టంగా వదిలారని చెప్పను, కానీ అడిగే ముఖం నాకు దొరికింది.

డబ్బు సంగతి క్లుప్తంగా: తూముల స్థానంలో పెద్ద కల్వర్టు రోడ్డు వాళ్ల నిధుల్లోంచి వచ్చింది, దానికి రెండేళ్లు తిరిగాం. చేతి పని ఉపాధి హామీలో చేయించాం. అందులో మిషన్లు పెట్టకూడదు కాబట్టి పొక్లెయిన్ ఖర్చు వేరే చూసుకోవాల్సి వచ్చింది.

ఇంకోటి. కింద అడ్డం తీసేస్తే నీళ్లు వేగంగా పోతాయి, నిజమే, మరి ఎవరి మీదికి? మా నీళ్లు బుడమేరులోకి, అక్కణ్నుంచి విజయవాడ అంచున కొల్లేరుకి. 2024 సెప్టెంబరు మొదట్లో ఏమైందో చూశాం కదా. బుడమేరు నీళ్లను వెలగలేరు నుంచి కృష్ణలోకి తీసుకుపోయే మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి, సైన్యం కూడా సాయానికి వచ్చి వాటిని పూడ్చేసరికి వారం పట్టింది. విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు. అలాంటి రోజున మా వాగును ఇంకా తొందరపెట్టడం తెలివి కాదు. అందుకే కల్వర్టుతోపాటు ఎగువ చెరువు కలుజు (నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు) బాగుచేయించాం, చెరువు పూడిక తీయించాం, వాగు పక్క పల్లపు బీడును ఆరెకరాలు నీళ్లు పరుచుకోవడానికి అలాగే వదిలేశాం. ఆ బీడులో ఇళ్ల స్థలాలు ఇవ్వాలన్న ఒత్తిడి ఇప్పటికీ ఉంది. నా దృష్టిలో కల్వర్టు కంటే ఆ బీడే ముఖ్యం.

ఆ 2024 వానకే కొత్త పని పరీక్షకు నిలిచింది. బుడమేరే నిండుగా ఉండటంతో మా నీళ్లు దిగడానికి రెండు రోజులు పట్టింది, రెండు ఊళ్లలో కలిపి పదకొండు ఇళ్లలోకి వచ్చాయి, మోకాలి లోపు. పూర్తిగా ఆగలేదు. ఈసారి పారలు మాత్రం ఎవరూ తేలేదు.

నిర్వహణ ఇప్పుడే రాసుకోండి. మృగశిర కార్తె లోపు కల్వర్టు నోరు శుభ్రం చేయడం మా దగ్గర ఒక ఏడాది వాళ్ల వంతు, ఒక ఏడాది మా వంతు. పై చెరువు కలుజు పారగానే అక్కడి కాపలా మనిషి రెండు ఊళ్లకూ ఫోన్ చేయాలి.

మీరైతే వచ్చే ఆదివారం పెయింటు డబ్బా, లెవల్ ట్యూబుతో మొదలుపెట్టండి. ట్యూబులో గాలి బుడగ ఒక్కటున్నా లెవల్ తప్పు చూపిస్తుంది. మొదటి గీత గీసేముందు రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని నీళ్లు సమానంగా నిలిచాయో లేదో చూసుకోండి.