పసరు పోయకు, బిడ్డా

హన్మకొండ

శ్రీకాంత్‌కు పెద్దబాపు ఆశీస్సులు.

మీ చిన్నదానికి బ్లడ్ క్యాన్సర్‌కు కీమో మొదలైందని తెలిసినప్పటి నుంచి నా మనసంతా మీ దగ్గరే ఉంది. ములుగు దిక్కు ఎవరో బిళ్ళగన్నేరు పసరు ఇస్తారట, దవాఖానాలో ఇచ్చే మందు కూడా ఆ చెట్టుదేనట కదా అని మీ అమ్మ అంటోందని చెప్పావు. ఆ మాట నిజమే. డాక్టర్లు ఎక్కించే విన్‌క్రిస్టిన్ బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందే. అయినా పసరు ఒక్క చుక్క కూడా పోయొద్దు.

1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్ బృందం, ఈ ఆకు షుగర్‌కు పనికొస్తుందేమోనని ఎలుకల మీద పరీక్షించింది. నోటి ద్వారా ఇస్తే షుగర్ తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే తెల్లకణాలు పడిపోయి, ఎలుకలు ఇన్ఫెక్షన్‌తో చచ్చిపోయాయి. బ్లడ్ క్యాన్సర్ మీద పనికొచ్చింది తెల్లకణాలను తగ్గించే ఆ గుణమే. ఆకులో ఆల్కలాయిడ్లనే రసాయనాలు వందకు పైగా ఉంటే, అందులో విన్‌క్రిస్టిన్ అతి కొంచెం. ఒక్క గ్రాము తీయాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి. ఈసారి నర్సమ్మ చేతిలో సీసా చూడు. నీళ్లలా కనిపించే ఒక మిల్లీలీటరు మందులో ఉండేది ఒక్క మిల్లీగ్రాము. బిడ్డ ఎత్తు, బరువు లెక్కగట్టి రక్తనాళంలోకే ఎక్కిస్తారు. గ్లాసెడు పసరులో ఏది ఎంతుందో ఇచ్చేవాడికే తెలియదు. పైగా కణాలు తగ్గిన పిల్లకు పచ్చి ఆకు రసం తాగిస్తే ఇన్ఫెక్షన్‌ను పిలిచినట్టే. తిప్పతీగ కూడా వద్దు, దాంతో కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు. కూరలో పసుపుకు భయం లేదు, పసుపు క్యాప్సూల్స్ మాత్రం డాక్టర్‌ను అడగకుండా వేయొద్దు.

విన్‌క్రిస్టిన్ చెడు ప్రభావం నాడుల మీద పడొచ్చు. దవడ నొప్పి అంటుందేమో, మలబద్ధకం వస్తుందేమో కనిపెట్టుకుని ఉండు. నడుస్తుంటే కాలి చెప్పు జారిపోతున్నా, మెట్లెక్కేటప్పుడు పాదం తట్టుకుంటున్నా వెంటనే డాక్టర్‌కు చెప్పు. మీ అంతట మీరు ఆముదం పోయొద్దు. ఇంకొకటి గట్టిగా గుర్తుపెట్టుకో: తామరకు మెడికల్ షాపులో ఇచ్చే ఇట్రాకొనజోల్ మాత్ర ఈ మందుతో కలిస్తే విషమవుతుంది. అందుకే ఇంట్లో ఏ మందు వేసినా, ఏ ఆకు ఇచ్చినా దాచకుండా చెప్పాలి. డాక్టర్ కోప్పడితే పడనీ.

జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగొద్దు, రాత్రయినా సరే దవాఖానాకు తీసుకుపో.

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఇంకోచోట ఉంది. మొదటి నెల గడిచాక పిల్ల మళ్లీ ఆడుకుంటుంది, తింటుంది. తగ్గిందిలే అని అక్కడే మానేసేవాళ్లున్నారు. ఈ చికిత్స రెండు మూడేళ్లు నడుస్తుంది, పూర్తి చేయాల్సిందే. ఖర్చుకు వెనకాడకు. ఆరోగ్యశ్రీ ఉంది, హైదరాబాద్‌లో సర్కారు ఎం.ఎన్.జె. క్యాన్సర్ దవాఖానా ఉంది. ఆ పైన పడేది నేను చూసుకుంటా.

ఈ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించు. ఆమెతో గొడవపడకు, మనవరాలి మీద ప్రేమతోనే అడుగుతోంది. ఇంకా మనసొప్పకపోతే నాకు ఫోన్ చేయమను, నేను మాట్లాడతా.

మీ పెద్దబాపు